గరికమ్మ అడిగిన గింజలు

బూరుగుమెట్ట అడవిలో కుందేళ్లు, ముళ్లపందులు, జింకలు, అడవిపందులు కలిసిమెలిసి ఉండేవి. ఒక వేసవిలో పక్క అడవి కార్చిచ్చుకు కాలిపోయింది. అక్కడి జీవాలన్నీ పరుగున వచ్చి ఈ మెట్ట మీదే తలదాచుకున్నాయి. వచ్చినవాళ్లకు చోటు చేయడానికి మెట్ట నడుమ ఉన్న పొదలూ చెట్లూ తీసేశారు. రెండేళ్లకు అక్కడ మిగిలింది ఎర్రదుమ్మే.

ఆ మెట్టకు వైద్యురాలు గరికమ్మ అనే ముసలి ముంగిస. దుమ్ము మొదలయ్యాక ఆమె బొరియ ముందు ఎప్పుడూ దగ్గులే. పోలి అనే కుందేలు తన కూనను ఆ నెలలో నాలుగోసారి ఎత్తుకొచ్చింది.

"మందు వేస్తే రెండు రోజులు బాగుంటాడత్తా. మళ్లీ మామూలే" అంది పోలి.

గరికమ్మ దగ్గర ఆకులు అయిపోయాయి. తల్లినీ కూననూ వెంటబెట్టుకుని వాగు ఒడ్డుకు వెళ్లింది. అక్కడ నాలుగు కానుగ చెట్లు మిగిలున్నాయి. వాటి నీడలో కాసేపు పడుకునేసరికి కూన ఊపిరి నెమ్మదించింది. లేచి సీతాకోకచిలుక వెంట గెంతింది. గరికమ్మ ఆకులు కోయడం మరిచి చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లూ తాను దగ్గుకు మందిచ్చి దుమ్మును వదిలేశానని ఆమెకు తెలిసొచ్చింది.

మర్నాడు సభ జరిగింది. ప్రతి కుటుంబం ఏటా కొన్ని గింజలు ఉమ్మడి గాదెలో పోస్తుంది. వాటిని దేనికి వాడాలో అందరూ కలిసి తేల్చుకుంటారు.

"మెట్ట నడుమ తోపు వేద్దాం, దుమ్ము అణిగితే దగ్గులూ తగ్గుతాయి" అంది గరికమ్మ. "గుంటలు తవ్వేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మేతకు వెళ్లలేరు. వాళ్లకు గాదె నుంచి తిండి పెట్టాలి."

బండయ్య అనే అడవిపంది మూతి తిప్పాడు. "రోగమొస్తే మందు తాగాలి. చెట్లకు గింజలేమిటి? నా వాటా నాకిచ్చేయండి, రాతి ఇల్లు కట్టించుకుంటాను. దుమ్ము ఎలా వస్తుందో చూస్తాను."

గాదె చూసుకునే పెద్ద జింక అతని వాటా అతనికిచ్చేసింది. మిగతావాళ్లు గరికమ్మ మాటకు ఒప్పుకున్నారు.

ముళ్లపందులు గుంటలు తవ్వాయి. కానీ మొదటి వేసవికే సగం మొక్కలు మాడిపోయాయి. గాదె అడుగంటింది. "వృథాగా పోశాం" అని కొందరు గొణిగారు. గరికమ్మకు కళ్లు చెమర్చాయి. వానాకాలానికి దాచుకున్న తన తిండి తెచ్చి నీళ్లు మోసేవాళ్ల ముందు పెట్టింది. అది చూసి పోలి నీళ్లు మోసే సొరబుర్ర అందుకుంది. ఆమె వెనకే మరో పదిమంది వాగుకు నడిచారు.

మూడో ఏటికి కానుగలు, వేపలు నీడ పరిచాయి. దుమ్ము అణిగింది. కూనలు అక్కడే ఆడుకున్నాయి, ముసలివాళ్లు పొద్దున్నే నాలుగడుగులు నడిచారు. గరికమ్మ బొరియ ముందు రోగులు తగ్గారు.

బండయ్య మాత్రం రాతి ఇంట్లో ఉక్కలో మగ్గుతూ, కదలక మెదలక ఒళ్లు పెంచాడు. రాళ్ల సందుల్లోంచి దుమ్ము వస్తూనే ఉంది. ఆయాసం పట్టుకుంది. తోపుకు రావడానికి మొహం చెల్లలేదు. గరికమ్మే వెళ్లి, అతన్ని నెమ్మదిగా నడిపించుకొచ్చి వేపచెట్టు కింద కూర్చోబెట్టింది.

"ఇందులో నాదొక్క గింజ కూడా లేదు గరికమ్మా" అన్నాడు బండయ్య తల దించుకుని.

"ముందు ఊపిరి తీసుకో. ఓపిక వచ్చాక నీళ్లు మోద్దువుగాని" అంది ఆమె.

అతని ఆయాసం పూర్తిగా పోలేదు. అయినా ఆ ఏటి నుంచి గాదెలో తన గింజలు అందరికన్నా ముందు పోసేవాడు.

నీతి: జబ్బు చేశాక మందులకు పోసే గాదెడు గింజల కన్నా, పదిమంది పీల్చే గాలి కోసం ముందే ఇచ్చిన గుప్పెడు మేలు.