కోటమ్మ రుబ్బురోలు

అనగనగా సొంత ఇళ్ళు తక్కువ, అద్దె ఇళ్ళు ఎక్కువ ఉన్న ఒక పట్టణం. అక్కడ రత్నాంబ ఇంటి వసారా గదిలోకి కోటమ్మ అద్దెకు దిగింది. ఇడ్లీలు అమ్ముకుని బతికే మనిషి. ఆమె ఆస్తి పుట్టింటివాళ్ళు ఇచ్చిన రుబ్బురోలు ఒక్కటే.

"అమ్మగారూ, రోలు పాతడానికి మనిషిని పిలిపిస్తారా?" అని అడిగింది కోటమ్మ.

"రోలు నీది. పాతుకునే పనీ నీదే," అంది రత్నాంబ.

కోటమ్మ తానే గుంట తవ్వింది. అడుగున ఇసుక, సున్నం దట్టించి రోలు కదలకుండా నిలబెట్టింది. "ఇంటివారు మీరు, తొలి బొట్టు పెట్టండి," అని పిలిచింది.

"నీ రోలుకు నా బొట్టెందుకు?" అని రత్నాంబ ఇరుగుపొరుగు వింటుండగానే ముఖం తిప్పుకుంది.

కోటమ్మ ఇడ్లీలు మల్లెపూలలా ఉండేవి. వాకిట జనం బారులు తీరారు. అది చూసి రత్నాంబ కళ్ళలో నిప్పులు పోసుకుంది. నేల నాది, గోడ నాది, పేరు మాత్రం దానిదా అని కుళ్ళిపోయింది. అన్నం సహించలేదు, నిద్ర పట్టలేదు.

మొదట, "సందెవేళ రోటి చప్పుడుకు నా తల పగులుతోంది," అంది. కోటమ్మ మధ్యాహ్నమే రుబ్బుకుంది. జనం తగ్గలేదు.

తరువాత, "నీ రోలు వల్ల నా నేల బీటలిచ్చింది, బాగు చేయించు," అంది. కోటమ్మ చేయించింది. జనం ఇంకా పెరిగారు.

చివరికి, "నా నేలలో పాతినదంతా నాదే. రోలు వదిలేసి ఇల్లు ఖాళీ చెయ్యి," అంది. రోలు పోతే కోటమ్మ నోట్లో మట్టి పడినట్టే. కళ్ళు తుడుచుకుని ధర్మాధికారి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఇద్దరినీ, ఇరుగుపొరుగునూ పిలిపించాడు.

"అయ్యా, అమ్మగారిని ఒక్క మాట అడగనివ్వండి," అంది కోటమ్మ. "రోలు మీదైతే తొలి బొట్టు ఎందుకు పెట్టలేదమ్మా? నేల బీటలిస్తే నా రోలు, ఇడ్లీలు అమ్ముడుపోతే మీ రోలా?"

ఇరుగుపొరుగు నవ్వారు.

"రోలు కోటమ్మదే. కోటమ్మా, గుంట పూడ్చి, నేల చదును చేసి తీసుకుపో," అని తీర్పు చెప్పాడు ధర్మాధికారి.

కోటమ్మ అలాగే చేసి ఎదురింటికి మారింది. ఆ ఇంటివాళ్ళు తామే రోలు పాతించి, తొలి బొట్టు పెట్టారు.

రత్నాంబ పంతానికి పోయి కొత్త రోలు కొంది. కొత్త రోట్లో ముందు తవుడు రుబ్బి కడగాలి. ఎదురింటి జనాన్ని చూసి ఆగలేక నేరుగా మినప్పప్పు పోసేసింది. ఇడ్లీల నిండా రాతిపొడి. ఒక్కరూ కొనలేదు. పంటి కింద కరకరలాడుతున్న ఆ ఇడ్లీలు తానే తింటూ, ఎదురింటి వాకిలి కేసి చూస్తూ కూర్చుంది.

కనుక పిల్లలూ, బరువు నీదని తోసేసిన చేతికి, ఫలం నాదని అందుకునే హక్కు లేదు.