యాభై అయిదో వరస

ఏ కాలంలోనో, ఏ కొండల నడుమనో, అనగనగా మబ్బుకొండ అనే రాజ్యం ఉండేది. అక్కడ ఏడాదికి ఎనిమిది నెలలు చలి. ఎండ వచ్చినా చుట్టపుచూపుగా వచ్చి పోయేది.

ఆ కొండ కింద కుమ్మరివీధిలో గవరమ్మ అనే ఆవిడ ఉండేది. పొద్దున మట్టి పిసికేది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, అరుగు మీద కూర్చుని బొంత కుట్టేది. పాత చీరలు మూడు పొరలుగా పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికి, ఈ చివరి నుంచి ఆ చివరికి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోయేది. అమ్మడానికి కాదు, ఎవరో అడిగారనీ కాదు. సూది గుడ్డలోకి దిగి మళ్లీ పైకి తేలుతుంటే ఆమెకు హాయిగా ఉండేది, అంతే.

గవరమ్మకు నీలవేణి అని ఒక్కతే కూతురు. తొమ్మిదేళ్లప్పుడు జ్వరం వచ్చి చనిపోయింది. ఆ పిల్ల కట్టుకున్న ఆకుపచ్చ పావడా మాత్రం మిగిలింది. అప్పటినుంచి గవరమ్మ తను కుట్టే ప్రతి బొంతలోనూ అరచేయంత పావడా ముక్క ఒకటి పెట్టేది. కూతురి కోసం ఆమె ఏడ్చింది తక్కువ, కుట్టింది ఎక్కువ. ఇప్పుడు ఆ పావడాలో మూడే మూడు ముక్కలు మిగిలాయి.

ఆ రోజుల్లో రాజమాత అక్కలదేవి మంచం పట్టింది. చూపు ఎప్పుడో పోయింది. ఇప్పుడు చలి పట్టుకుని వదలడం లేదు. పట్టు దుప్పటి కప్పితే జారిపోయింది. ఉన్ని కంబళి కప్పితే గుచ్చుకుంది. హంస ఈకల దుప్పటి కప్పితే, అసలు ఏమైనా కప్పారా అని అడిగింది. కొడుకు విజయవర్మ మహారాజు పక్కన కూర్చుని, మరి ఏం కావాలమ్మా అన్నాడు.

"చిన్నప్పుడు మా అవ్వ బొంత కుట్టేదిరా. మీద వేసుకుంటే ఎవరో చెయ్యి వేసినట్టు ఉండేది. అలాంటిది కావాలి."

మంత్రి ఊరంతా వాకబు చేశాడు. అందరూ గవరమ్మ పేరే చెప్పారు. ఆమెను కోటకు పిలిపించి, తొమ్మిది రోజుల్లో బొంత కావాలన్నాడు. నచ్చకపోతే ఏమిటని ఆమె అడగకముందే తనే చెప్పాడు.

"మూడుసార్లు చూస్తాం. మూడోసారీ తప్పితే నీ సూది మాకు ఇచ్చేసి పోవాలి. కోటకు పనికిరాని చేతిలో సూది ఉండకూడదు. ఇక జన్మలో కుట్టకూడదు. ఇంకొక మాట, కోటలోకి వచ్చిన గుడ్డ వెనక్కి పోదు."

గవరమ్మ కోట మెట్లు దిగింది. సూది లేకపోతే మధ్యాహ్నాలు ఎలా గడుస్తాయి? నీలవేణి పక్కన కూర్చున్నట్టు ఇక ఎక్కడ కూర్చోవాలి?

ఇంటికి వచ్చి లెక్క వేసుకుంది. పొడవు ఎనిమిది జానలు. జానకు ఇరవై నాలుగు కుట్లు, అంటే వరసకు నూట తొంభై రెండు. వెడల్పున యాభై నాలుగు వరసలు. మొత్తం పదివేల మూడు వందల అరవై ఎనిమిది కుట్లు. రోజుకు ఆరు వరసలు పడితే తొమ్మిదో రోజుకు సరిగ్గా సరిపోతుంది.

లెక్కలో తప్పులేదు. కాని ఇన్నాళ్లూ ఆమె ఎన్ని వరసలు అయ్యాయో లెక్కపెట్టుకునేది. ఇప్పుడు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టసాగింది. నలభై ఎనిమిది ఉన్నాయి, నలభై రెండు ఉన్నాయి, ముప్పై ఆరు ఉన్నాయి. త్వరగా కావాలని దారం బిగించి లాగింది. లాగిన కొద్దీ గుడ్డ ముడుచుకుంటూ వచ్చింది. ఆమె అది చూసుకోలేదు.

తొమ్మిదో రోజున బొంత తెచ్చి రాజమాత మీద కప్పారు. ఎనిమిది జానల బొంత ఏడు జానలే అయింది. పాదాలు బయట ఉండిపోయాయి.

రాజమాత చేత్తో తడిమి చూసింది. "ఇది ఎక్కడికో పరుగెత్తుతోంది తల్లీ. తొందరలో నా కాళ్లను మరిచిపోయింది" అంది.

ఆ బొంత ఏనుగుల సాలకు పోయింది. ఆకుపచ్చ ముక్క కూడా దానితోపాటే పోయింది.

రెండోసారి మంత్రి తెలివి ఉపయోగించాడు. ఒక్కతే కాబట్టి తొందరపడింది, పదిమందిని ఇద్దాం అన్నాడు. కోటలో కుట్టుపని చేసే పదిమంది గవరమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. ఒకరి కుట్టు వరిగింజంత, మరొకరిది చింతగింజంత. ఒకరు దారం వదులుగా వదిలితే ఇంకొకరు బిగదీశారు. గవరమ్మ ఎవరినీ ఏమీ అనలేకపోయింది. నాలుగు రోజుల్లో బొంత తయారైంది.

దాన్ని కప్పుకుని రాజమాత అటు దొర్లింది, ఇటు దొర్లింది. "నా మీద పదిమంది చెయ్యి వేశారు నాయనా. ఒకరు నొక్కుతున్నారు, ఒకరు గోకుతున్నారు. తిరునాళ్లలో పడుకుంటే నిద్ర పడుతుందా?" అని కొడుకును అడిగింది.

ఆ బొంత గుర్రాల సాలకు పోయింది. దాంతో రెండో ముక్కా పోయింది.

ఇక మిగిలింది ఒక్క ముక్క. గవరమ్మ దాన్ని నడుమ అతికి కుట్టడం మొదలుపెట్టింది. మొదటి రోజు గడిచేసరికి వేళ్లు వాచాయి. మర్నాడు ఆమె అత్త సన్యాసమ్మ కర్ర పట్టుకుని అరుగు మీదికి వచ్చి కూర్చుంది. ఆవిడకు మాట పదును, చెవి మందం.

"ఏమే, ఎన్ని అయ్యాయి?"

"ఇంకా నలభై ఎనిమిది ఉన్నాయత్తా."

"నాకు చెవుడు గాని నీకు లేదుగా. నేనడిగింది అయినవి. నువ్వు చెప్తున్నది మిగిలినవి."

సన్యాసమ్మ ఆ ఆకుపచ్చ ముక్క మీద వేలు పెట్టింది. ఆవిడ గొంతు తగ్గింది.

"ఇది కట్టుకున్న పిల్ల మన దగ్గర ఎన్నేళ్లు ఉందే?"

"తొమ్మిదేళ్లు."

"చూశావా. దాన్నయితే ఉన్నన్నాళ్లే లెక్కపెట్టావు. లేనన్నాళ్లు లెక్కపెట్టలేదు. అలా పెట్టి ఉంటే ఈపాటికి నువ్వూ బతికి ఉండేదానివి కాదు."

గవరమ్మ బిగుసుకున్న ఆరు వరసలనూ ఒక్కొక్కటిగా విప్పేసింది. గుడ్డను అరచేత్తో చదును చేసి, మళ్లీ మొదటి నుంచి కుట్టింది. ఒకటి అయింది. రెండు అయ్యాయి. సూది తన దారిన తను దిగి పైకి తేలింది. నీలవేణి మొదటిసారి నడిచిన రోజు గుర్తుకొచ్చింది. పావడా మీద బెల్లం పాకం ఒలకబోసుకున్న రోజు గుర్తుకొచ్చింది.

తొమ్మిదో రోజుకు ముప్పై ఆరు వరసలే అయ్యాయి. ఆమె బొంతను అలాగే, సూది గుచ్చినది గుచ్చినట్టే, భుజాన వేసుకుని కోటకు వెళ్లింది.

మంత్రి బొంత చూశాడు. సూది కోసం చెయ్యి చాపాడు.

గవరమ్మ వంగి సూది తీయబోయింది. అప్పుడు రాజమాత బొంత ఇటు ఇమ్మంది. వేళ్లతో వరసలు తడిమింది. ఒక చోట ఆగింది.

"ఈ ముక్క వేరే నేత. ఎవరిది తల్లీ?"

"మా అమ్మాయిదమ్మా. ఇప్పుడు లేదు."

రాజమాత వేళ్లు ఆ ముక్క మీదే కాసేపు ఉన్నాయి. తరువాత సూది తగిలింది. ఆమె ముఖంలో చిన్న నవ్వు కనిపించింది.

"మా అవ్వ బొంతలోనూ ఎప్పుడూ సూది ఉండేది. పూర్తయ్యేదాకా మేము ఆగేవాళ్లం కాదు. అవ్వ ఓ పక్క కుడుతుంటే మేము ఓ పక్క పడుకునేవాళ్లం. కప్పు తల్లీ. నా కాళ్ల దగ్గర కూర్చుని కుట్టుకో."

గవరమ్మ కప్పింది. బొంత పాదాలు దాటి ఇంకా మిగిలింది. రాజమాత కళ్లు మూసుకుంది. మహారాజు మంత్రి వంక చూశాడు. మంత్రి చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

రోజుకు మూడు వరసల చొప్పున ఆరు మధ్యాహ్నాలు గవరమ్మ అక్కడే కుట్టింది. నిద్ర లేవగానే రాజమాత ఎన్ని అయ్యాయని అడిగేది. ముప్పై తొమ్మిది అయ్యాయమ్మా. నలభై రెండు అయ్యాయమ్మా. ఆరో రోజున యాభై నాలుగు అయ్యాయమ్మా అని చెప్పి గవరమ్మ దారం తెంపబోయింది.

"ఉండు. మూడోసారి గడువు తప్పావు కదా. మాట ప్రకారం సూది ఇవ్వాలి. మంత్రికి కాదు, నాకు ఇవ్వు. నీకు మావాడు పది సూదులు ఇస్తాడు" అంది రాజమాత.

చలి తగ్గే రోజుల్లో ఆమె కన్నుమూసింది. పదమూడో రోజు గడిచాక, మహారాజు స్వయంగా కుమ్మరివీధికి నడిచి వచ్చాడు. కోటలోకి పోయిన గుడ్డ మొదటిసారి వెనక్కి వచ్చింది. ఇది మీ అమ్మాయిది, మీ దగ్గరే ఉండాలని అమ్మ చెప్పింది అన్నాడు.

గవరమ్మ బొంతను ఒడిలో పరుచుకుంది. వరసల మీద వేలు ఆనించి లెక్కపెట్టింది. యాభై నాలుగు. కాని వేలు అక్కడితో ఆగలేదు. ఇంకొక వరస తగిలింది. ఒక కుట్టు వరిగింజంత, ఒక కుట్టు చింతగింజంత. చూపు లేని చెయ్యి తడుముకుంటూ కుట్టిన వరస అది. అంచు దగ్గర మొదలై, వంకరలు పోతూ వచ్చి, ఆకుపచ్చ ముక్క దగ్గర ఆగిపోయింది. అక్కడ సూది గుచ్చి ఉంది.

సన్యాసమ్మ కర్ర పట్టుకుని అరుగు మీదికి వచ్చింది. "ఎన్ని అయ్యాయే?"

గవరమ్మ కళ్లు తుడుచుకుంది.

"యాభై అయిదు అయ్యాయత్తా."

మిగిలింది లెక్కపెడుతూ చేసే పని చేతికి బరువు; అయింది చూసుకుంటూ ఇష్టంగా చేసే పని, సగంలో ఆగినా, మరొకరికి వెచ్చదనం.