స్టూలు మీద గోలీ

సారక్క రోజూ పొద్దున్నే బకెట్టు బోర్లించి, దాని మీంచి ఎగిరి, గోల్‌పోస్టు పైబారు పట్టుకుని వేలాడేది. అలా వేలాడితే పొడుగవుతారని ఎవరో చెప్పారు. మూడు వారాలు వేలాడింది. బారు నడుమ కాస్త వంగింది గానీ, సారక్క మాత్రం అయిదడుగుల రెండంగుళాల దగ్గరే ఉండిపోయింది.

అది బొగ్గుబావుల ఊరు. అక్కడి ఆడపిల్లల ఫుట్‌బాల్ టీముకి ఆమె గోల్‌కీపరు. ఆ ఊళ్లో గోల్‌కీపర్ని గోలీ అంటారు. సారక్కకు పంతొమ్మిదేళ్లు. గోలీగా నాలుగేళ్లు ఆడింది, ఎవరూ ఎత్తు సంగతి ఎత్తలేదు. మూడు వారాల కింద సెమీఫైనల్లో, మూల నుంచి తన్నిన ఒక కార్నర్ బంతి ఆమె వేళ్లకు జానెడు పైనుంచి వెళ్లి గోల్లో పడింది. మ్యాచ్ ఎలాగో గెలిచారు. కానీ గట్టు మీద కూర్చున్నవాళ్లలో ఒకడు “పొట్టి గోలీ!” అని అరిచాడు. మిగతావాళ్లు నవ్వారు.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆ వారమే ఎస్తేరు వచ్చింది. తండ్రికి ఈ ఊరి బావికి బదిలీ అయిందట. ఎస్తేరు కూడా గోలీయే. అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. పోనీ పొగరుబోతు అయితే తిట్టుకోవచ్చు, అదీ కాదు. వచ్చిన రోజే సారక్కతో తన అరటిపండు పంచుకుంది.

ఆదివారం ఫైనల్. రాష్ట్ర క్యాంపుకి అమ్మాయిల్ని ఎంచే పెద్దమనిషి చూడ్డానికి వస్తున్నాడు. ఆ రోజు గోల్లో నిలబడే అవకాశం ఒక్కరికే.

సారక్క ఖుద్దూస్ ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది. ఉస్తాద్ ఒకప్పుడు బొగ్గుబావిలో పనిచేసేవాడు, బావి టీముకి గోలీగా ఆడేవాడు. ఇప్పుడు డెబ్భై దగ్గర పడ్డాయి. మోకాళ్లు రెండూ ఎప్పుడో గోల్ ముందే పోయాయి. గ్రౌండు దాకా నడవడానికే పావుగంట పడుతుంది. అయినా ఈ అమ్మాయిలకు ఆట నేర్పడం ఒక్కరోజు మానలేదు.

“ఉస్తాద్, నాకు నిజం చెప్పున్రి. గోలీకి పొడుగు కావాల్నా, వద్దా?”

“కావాలె,” అన్నాడు ఉస్తాద్.

సారక్క ముఖం చిన్నబోయింది. పొడుగుదేముంది బిడ్డా, గుండె ఉండాలె అంటాడేమో అనుకుని వచ్చింది పాపం.

“ఉంటె మంచిదే గద. ఎస్తేరుకి అల్లా ఇచ్చిండు. నీకు ఇయ్యలే. నువ్వు బారుకి వేలాడి అల్లాతోని కొట్లాడుతున్నవ్.”

“మరి నేనేం జెయ్యాలె?”

“ఒక చాయ్ తే. హోటలాయన్నడిగి స్టూలు గూడ తే.”

చాయ్ వచ్చింది. మూడు కాళ్ల కర్ర స్టూలు వచ్చింది. ఉస్తాద్ ఆ స్టూలుని గోల్‌లైను మీద వేయలేదు. గోల్‌కి నాలుగడుగులు ముందు వేసి, మోకాళ్లు రెండు చేతుల్తో పట్టుకుని, అమ్మా అనుకుంటూ కూర్చున్నాడు. గ్లాసు ఎడంచేతిలో ఉంది.

“ఇయ్యాల నేనే గోలీ. గోలీ ముందు అడ్డం నిలబడే బ్యాక్‌లు నలుగురు నా దిక్కు. సారక్కా, నువ్వు, ఎస్తేరు, ఇంకో ముగ్గురు, మీరు అయిదుగురు నా మీదికి రావాలె. పది సార్లు రావాలె. ముసలోడని జాలి పడొద్దు.”

అందరూ నవ్వారు. కూర్చున్న మనిషి ఎత్తెంత? బారు కింద చూస్తే దేవుడి గూట్లో దీపమంత ఉన్నాడు.

మొదటి బంతి సారక్కే తీసుకుని దూకుడుగా వచ్చింది.

“స్వరూపా, కుడికి! దగ్గరికి పోకు, నిలబడు. ఆఁ, గట్ల బయటికి తోలు. మల్లికా, నీ ఎనక ఎస్తేరు ఉన్నది, చూస్కో.”

మల్లిక పక్క బ్యాక్, స్వరూప టీములో నడిమి బ్యాక్. ఉస్తాద్ చెప్పిన చోట నిలబడింది. సారక్కకి గోల్ వైపు దారి కనిపించలేదు. పక్కకి, పక్కకి పోయి చివరికి తన్నితే బంతి పోస్టు అవతల పడింది.

రెండోది స్వరూప ముంగాలికి తగిలి ఆగింది. మూడోది మల్లిక లాక్కుంది. నాలుగోసారి ఉస్తాద్ లేచి, స్టూలు ఎత్తుకుని రెండడుగులు ఎడమకి వేసుకుని మళ్లీ కూర్చున్నాడు. తన్నిన బంతి తిన్నగా వచ్చి ఆయన ఒళ్లో పడింది. చాయ్ కాస్త లుంగీ మీద ఒలికింది. “యా అల్లా, కాలింది!” అన్నాడు. అంతే తప్ప నోరు మాత్రం ఆపలేదు. “ముందుకు పో, నేనున్న. వదిలెయ్, అది పోతది. స్వరూపా, నీది. మల్లికా, నీది.” ఆ గొంతు గ్రౌండంతా వినిపిస్తూనే ఉంది.

పదోసారి సారక్కకి కోపం వచ్చింది. దూరం నుంచే బంతిని పైకి లేపింది. అది ఉస్తాద్ నెత్తి మీదుగా వెళ్లి, బారు కిందుగా వలలో పడింది.

“చూసిన్రా ఉస్తాద్! నెత్తి మీదికెల్లే పోయింది. నా కథ గూడ గిదే!” అంది సారక్క. గెలిచిన మాటలా లేదు అది, ఏడుపులా ఉంది.

ఉస్తాద్ వెనక్కి తిరిగి వలలో బంతిని చూశాడు. “ఎస్తేరూ, నువ్వుంటె అందునా?”

ఎస్తేరు బారు కింద నిలబడి, చెయ్యి చాచి, ఎగిరి చూసింది. అబద్ధమాడే పిల్ల కాదు. “నాకైతె అందుతుండె ఉస్తాద్,” అంది.

“ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. దీన్ని నింపే మనిషిని ఖుదా ఇంక పుట్టియ్యలే,” అన్నాడు ఉస్తాద్. “అది పోయింది, పోనియ్. మిగిలిన తొమ్మిది ఏమైనయ్?”

“పోలే.”

“ఎవరాపిన్రు?”

సారక్క జవాబు చెప్పబోయి బ్యాక్‌ల వైపు చూసింది. స్వరూప ముంగాలి మీద బంతి అచ్చు ఎర్రగా పడి ఉంది. మల్లిక మోచేయి దోక్కుపోయింది. నలుగురూ కుక్కల్లా రొప్పుతున్నారు. నాలుగేళ్లుగా వీళ్లు తన ముందే నిలబడ్డారు. ఈ మూడు వారాలూ తను బారునే చూసింది గానీ వీళ్లని చూడలేదు.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ‘పొట్టి గోలీ’ అన్న రోజు నుంచి ఆటలో తను నోరే విప్పలేదు. ఎత్తు లేనిదాన్ని, ఇంకొకరికి చెప్పేంతదాన్నా అనుకుని, లైనుకి అతుక్కుని, నోట్లో నాలుక లేనిదానిలా నిలబడింది. పాపం వీళ్లకి వెనక ఏం జరుగుతోందో ఎవరు చెప్పాలి?

ఉస్తాద్ గ్లాసు చాచాడు. “సగం ఒలికింది. ఇంకోటి తే.”

ఆ తర్వాత నాలుగు రోజులూ సారక్క బారు జోలికి పోలేదు. లైను వదిలి ముందుకొచ్చి నిలబడింది. అరిచింది. మొదటి రోజు తప్పులు అరిచింది. కుడి అనబోయి ఎడమ అంటే స్వరూప, మల్లిక ఢీకొని బూతులు తిట్టారు. మూడో రోజుకి ఆ అరుపుల్లో అర్థం వచ్చింది. గట్టు పక్క ఇళ్లవాళ్లు “ఈ పిల్లకేమైందమ్మా, పొద్దున్నే” అని విసుక్కున్నారు.

ఉస్తాద్ టీములో ఒక రివాజు ఉంది. మ్యాచ్ రోజు గోలీని ఉస్తాద్ ఎంచడు. గ్లవ్స్ బెంచీ మీద పెట్టి అవతలికి పోతాడు. బ్యాక్‌లు నలుగురు మాట్లాడుకుని ఎవరి చేతిలో పెడితే వాళ్లే గోలీ. తూటాలు తినేది వాళ్లు కదా, వెనక ఎవరుండాలో వాళ్లే చెప్పాలి అంటాడు.

ఆదివారం ఆ నలుగురూ తలలు దగ్గరపెట్టి చాలాసేపు గుసగుసలాడారు. సారక్క అటు చూడలేక బూటు లేసులు విప్పి మళ్లీ కట్టుకుంది. ఎస్తేరుకి ఇస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదని తనకే తెలుసు.

స్వరూప గ్లవ్స్ తెచ్చి సారక్క ఒళ్లో పడేసింది.

“పైకెల్లి బంతొస్తె ఎస్తేరే మంచిగ పట్టుకుంటది. గది నిజం,” అంది. “కాని నాలుగు దినాల సంది ఎనకకెల్లి నీ గొంతు వస్తుంటె నాకు బుగులు పోయి ధైర్యమొచ్చింది. నోరు మూసినవో, సంపుత.”

గ్లవ్స్ పట్టీలు బిగించింది ఎస్తేరే. బిగిస్తూ “కార్నర్ వస్తె రెండో పోస్టు చూస్కో” అని చెప్పింది. సారక్క కళ్లు చెమర్చాయి.

మ్యాచ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మనవాళ్లు మొదటి సగంలో ఒక గోల్ వేశారు, తర్వాతంతా కాచుకున్నారు. సారక్క అరుస్తూనే ఉంది. ఆఖరి నిమిషంలో అవతలివాళ్లకి కార్నర్ దొరికింది. బంతి ఎత్తుగా లేచింది. సెమీఫైనల్లో వచ్చిన బంతి లాంటిదే, తనకి అందదని అది గాల్లో ఉండగానే సారక్కకి తెలిసింది. ఆ రోజైతే ఒంటరిగా ఎగిరేది.

“స్వరూపా, రెండో పోస్టు! నీదే!”

స్వరూప వెనక్కి రెండంగలు వేసి, ఎగిరి, తలతో కొట్టింది. బంతి బారు మీదుగా గ్రౌండు బయట పడింది. ఈల మోగింది. అప్పుడు స్వరూప నెత్తి సారక్కకి ఎంత ముద్దొచ్చిందంటే, పరుగెత్తుకెళ్లి చెమట నూనె కలిసిన ఆ జుట్టునే ముద్దు పెట్టుకుంది.

క్యాంపుకి ఎంచే పెద్దమనిషి కాగితం పట్టుకుని వచ్చాడు. “గోల్‌కీపర్ పేరు?”

సారక్క నోరు తెరిచింది. గొంతు పూర్తిగా పోయింది, గాలి తప్ప ఏమీ రాలేదు.

“సారక్క,” అంది స్వరూప.

“హైట్ ఎంత?”

“మా అయిదుగురిది కలిపి రాస్కో సార్.”

ఆయన తలెత్తి అయిదుగుర్నీ చూశాడు. నవ్వలేదు. ఆ గడి ఖాళీగా వదిలేసి, కింద ఏదో రాసుకున్నాడు. “సోమవారం క్యాంపుకి రమ్మను. ఇద్దరు కీపర్లు కావాలి, ఆ పొడుగమ్మాయిని కూడా తోలుకురా, చూస్తాను,” అని వెళ్లిపోయాడు.

సారక్క ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది. చెప్పుకోవాల్సింది గుండె నిండా ఉంది, గొంతులో మాత్రం ఒక్క మాట లేదు. కాళ్లకి దణ్ణం పెట్టబోయింది.

ఉస్తాద్ కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. “నాకెందుకు?” అని గడ్డంతో అటు చూపించాడు.

గ్రౌండు మూల నల్లా దగ్గర నలుగురు బ్యాక్‌లూ చతికిలబడి ఉన్నారు. బొగ్గు కలిసిన నల్లమట్టి వాళ్ల మోకాళ్ల దాకా ఉంది. బూట్లు విప్పే ఓపిక కూడా లేదు ఎవరికీ.

సారక్క వెళ్లి స్వరూప ముందు కూర్చుంది. లేసు విప్పి, బూటు లాగి, నల్లా కింద పెట్టి చేత్తో మట్టి కడగసాగింది.

“ఏందే, పిచ్చా? ఎవలన్న జూస్తె నవ్వుతరు. లే!” అంది స్వరూప.

సారక్క లేవలేదు. ఆ బూటు కడిగి పక్కన పెట్టి, రెండో కాలు ఇటు చాపమని సైగ చేసింది.