గుహలో ఎర్రచుక్క

అనగనగా ఒక కొండ. ఆ కొండ కడుపులో ఒక చీకటి గుహ. ఆ గుహ చూడవచ్చిన వాళ్లకు దారి చూపేవాడు వరహాలు.

గుహ కప్పు నుంచి సున్నపురాళ్లు వేలాడుతుండేవి. వరహాలు చేతిలోని లేజర్ లైటు నొక్కగానే ఎర్రని చుక్క ఒకటి ఎగిరి వాటి మీద వాలేది. అదిగో ఏనుగు తొండం, ఇదిగో జడ విప్పుకున్న అమ్మవారు అని అతడు చెబుతుంటే, చూసేవాళ్లకు నిజంగానే కనబడేవి. కాలు జారే చోట చుక్కను నేల మీదికి దించి, ఎక్కడ అడుగు వెయ్యాలో చూపేవాడు. వచ్చినవాళ్లంతా అతడిని మెచ్చుకునేవారు. సాయంత్రం లైటును టికెట్ల గదిలో మేకుకు తగిలించి, సంతోషంగా ఇంటికి పోయేవాడు.

ఒక వానాకాలంలో ఆ చుక్క మసకబారింది.

లైటు అద్దం మీద దుమ్ము చేరిందేమోనని వరహాలు మెత్తని గుడ్డతో తుడిచాడు. మర్నాడు చుక్క ఇంకా పాలిపోయింది.

గుహలో తేమ కమ్మిందేమోనని, ఎండ కాసేదాకా ఆగి జనాన్ని లోపలికి తీసుకువెళ్లాడు. చుక్క కనబడీ కనబడనట్టు ఉంది. ఒక ముసలావిడ అది పోల్చుకోలేక గోతి వైపు కాలు వేసింది. వరహాలు ఒక్క ఉదుటున ఆమె రెక్క పట్టుకుని లాగాడు. ఆమెకు ఏమీ కాలేదు.

మూడో ప్రయత్నంగా కొత్త లైటే కొన్నాడు. పాతదానిలోని సెల్లులు తీసి అందులో వేశాడు. అదీ మినుకుమినుకుమంది. మోసపోయానని రెండు లైట్లూ పట్టుకుని కోపంగా దుకాణానికి వెళ్లాడు.

దుకాణదారు రెండింటిలోనూ కొత్త సెల్లులు వేశాడు. ఎదుటి గోడ మీద రెండు చుక్కలు దానిమ్మ గింజల్లా మెరిశాయి.

"లైట్లలో లోపం లేదు. సెల్లులో సత్తువ తగ్గేకొద్దీ వెలుగూ తగ్గుతుంది. నీవి ఛార్జింగ్ పెట్టే సెల్లులు. రోజూ ఎవరు పెడుతున్నారు?" అని అడిగాడు.

ఆఫీసువాళ్లెవరో చూసుకుంటారులే అని వరహాలు అనుకోవడమే గాని, ఏనాడూ ఆరా తీయలేదు.

టికెట్ల గదిలో అడిగితే సంగతి తెలిసింది. గుహ ముంగిలి ఊడ్చే పైడమ్మ రోజూ సాయంత్రం ఆ సెల్లులు తీసి ఛార్జింగ్ పెట్టి, పొద్దున్నే మళ్లీ లైటులో వేసి తగిలించేదట. కొన్నాళ్లుగా జ్వరంతో మంచం పట్టిందట. ఆమె రావడం లేదన్న సంగతే వరహాలు గమనించలేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

కొబ్బరిబొండాలు పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాడు.

"పిన్నీ, ఇన్నాళ్లూ నాకు దక్కిన మెప్పులో సగం నీది. నాకు తెలియనే తెలియదు" అన్నాడు.

పైడమ్మ మెల్లగా లేచి కూర్చుంది.

"మా అమ్మకు చూపు మందగించాక గుహ చూడాలని కోరిక పుట్టింది నాయనా. నువ్వు విసుక్కోకుండా ఒక్కొక్క రాయీ ఆమె కంటికి ఆనేదాకా చూపించావు. ఆ సంతోషం తలచుకుంటూనే ఆమె కన్నుమూసింది. నీకు నేనేమివ్వగలను? నీ చేతిలో వెలుగు తగ్గకుండా చూద్దామనుకున్నాను."

వరహాలుకు ఆ రోజు గుర్తే లేదు. కళ్లు చెమర్చాయి. ఆమె కోలుకునే వరకు తానే సెల్లులు ఛార్జింగ్ పెట్టాడు, రోజూ వెళ్లి ఆమె మంచిచెడ్డలు చూశాడు.

పైడమ్మ తిరిగి పనికి వచ్చిన నాటి నుంచి, వరహాలు జనాన్ని గుహ వాకిట్లోనే ఒక్క నిమిషం ఆపేవాడు. లోపల మీకు దారి చూపే వెలుగు ఈమె చలవే అని చెప్పేవాడు. వాళ్లు చేతులు జోడిస్తే పైడమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

కాబట్టి పిల్లలూ, కంటికి కనబడే వెలుగును మెచ్చుకునేటప్పుడు, కనబడకుండా దానికి సత్తువనిచ్చే వారిని వెతికి మరీ కృతజ్ఞత చెప్పాలి.