చాలు అనడానికి చేతులు లేని పురుగు

ఒకప్పుడు చదునుపురుగు చదునుగా ఉండేది కాదు. అంబాజీపేటలో సుభద్రాయమ్మగారి చేపల తొట్టెలో, గులకరాళ్ల కింద, గోలీకాయలా గుండ్రంగా, మెల్లకళ్లేసుకుని ఒక్కతే ఉండేది.

సుభద్రాయమ్మగారు ఇంటికొచ్చిన వాళ్లకి కొసరి కొసరి వడ్డించందే వదిలేవారు కాదు. తొట్టెలోని బంగారుచేపని కూడా ఆవిడ చుట్టంగానే చూసుకునేవారు.

"అసలేం తిన్నారండీ చేపగారూ? ఇంకో నాలుగు గింజలు వేసుకోండి."

చేప రెక్కలు అడ్డం పెట్టి "చాలండి" అనేది. ఆవిడ రెక్కల సందులోంచి మేత వేసేవారు. మిగిలిందంతా అడుగున పడితే పురుగు తినేది. ఖాళీ అయింది కదా అని ఆవిడ మళ్లీ వడ్డించేవారు.

చివరికి పురుగు కూడా తినలేకపోయింది. మేత కుళ్లి నీళ్లు కుడితిలా తయారయ్యాయి. చేపకి ఊపిరాడడం లేదు.

"ఇంకో పూట ఇలా పెడితే చచ్చిపోతాను. నువ్వైనా చాలని చెప్పు" అంది చేప.

"నా నోరు పొట్ట మధ్యలో ఉంది. ఏమన్నా రాళ్లకే వినిపిస్తుంది."

"పోనీ, భోజనాల దగ్గర విస్తరి మీద చేతులు అడ్డం పెడతారే, అలా చెయ్యి."

"చేతులేవీ?"

చేప ఏడ్చింది. పాపం, నీళ్లలో ఏడిస్తే ఎవరికి తెలుస్తుంది? పురుగుకి మాత్రం తెలిసింది, జాలేసింది. చేతులు లేకపోతే ఒళ్లుందిగా అనుకుని, ఒంటిని అరచేయిలా పరిచి మేత పడేచోట అడ్డంగా పడుకుంది.

సుభద్రాయమ్మగారు వంగి చూశారు. "ఆకు మీరే వేసేసుకున్నారా? ఇంత పెద్దాకు ఎందుకండీ, సగం రేపటికి ఉంచుదాం" అని కత్తెరతో రెండు ముక్కలు చేశారు.

రెండు ముక్కలకీ తలలు మొలిచాయి, మెల్లకళ్లతో సహా. రెండూ పక్కపక్కన పరుచుకుని పడుకున్నాయి.

"ఆకులు పెరిగాయంటే చుట్టాలొచ్చారన్నమాట" అని ఆవిడ మురిసిపోయి ఇంకో డబ్బా తెచ్చారు. వచ్చినవాళ్లకి సరిపోవాలని ఆకుల్ని మళ్లీ కత్తిరించారు. కత్తిరించినకొద్దీ పురుగులు పెరిగాయి. అడుగున, అద్దం మీద, గాలి గొట్టం మీద, ఎక్కడ చూసినా అడ్డం పెట్టిన చేతుల్లా అవే. గింజ వేద్దామంటే చోటు లేదు.

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగారు.

"చాలా అండీ?"

పురుగులన్నీ చాలనే అన్నాయి కానీ రాళ్లకీ అద్దానికీ తప్ప ఎవరికీ వినిపించలేదు. నోళ్లన్నీ కిందికే ఉన్నాయి మరి. ఆవిడ అడ్డం పెట్టిన ఆ చేతుల్నే జవాబనుకుని, డబ్బాకి మూత పెట్టేసి, నీళ్లు మార్చారు. చేప గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

అప్పటినుంచే చదునుపురుగు చదునుగా ఉంటోంది. కోస్తే ముక్కకో పురుగు లేస్తోంది. మేత ఎక్కువైన ప్రతి తొట్టెలోనూ అద్దానికి అతుక్కుని, ఇక చాలండి అంటోంది.