రబ్బరు విమానం కాపలా పుస్తకం

ఆరేళ్ల కాగితాలు రెండు గోనెసంచుల్లో కుక్కుకుని హైమవతి కృపానందం మాస్టారి ఇంటికి వచ్చింది. పాత కాగితాల్లోంచి చరిత్ర తీయడం ఆమెకు నేర్పింది ఆయనే. ఇక మానేస్తున్నానని చెప్పడానికీ ఆయన దగ్గరికే రావాల్సి వచ్చింది.

"అది ఎగరలేదు మాస్టారూ," అంది గుమ్మంలోనే.

అది అంటే రబ్బరు విమానం. రెక్కలు, తోక, చివరికి కూర్చునే సీటు కూడా రబ్బరు పూసిన గుడ్డే. మడిచి ట్రంకుపెట్టెలో పెట్టుకోవచ్చు, గాలి కొడితే విమానం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఉత్తరాంధ్ర తీరాన ఓ షెడ్డులో నలుగురు ఇంజనీర్లు దాన్ని తయారుచేశారు. ఒక్కసారైనా ఎగిరిందని రుజువు దొరికితే హైమవతికి పుస్తకం, డాక్టరేటు, నలుగురిలో పేరు.

ఎగరలేదని నిన్న తేలిపోయింది. ఎన్ని అతుకులు వేసినా గాలి నిలవడం లేదు, వదిలేసి వెళ్తున్నాం అని ఇంజనీర్ల ఆఖరి ఉత్తరంలో ఉంది. తోటివాళ్లంతా ఈపాటికి కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. ఆమె మాత్రం నేల వదలని ఓ రబ్బరు తిత్తి వెనక కాళ్లరిగేలా తిరిగింది. ఇప్పుడు ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"ఆ ఉత్తరం తర్వాత కాగితాలే లేవా?" అడిగారు మాస్టారు.

"ఉన్నాయి గానీ ఎందుకూ పనికిరావు. షెడ్డు కాపలాదారు రాసుకున్న పుస్తకం. రోజూ ఒకటే ముక్క. ఒకరోజుది ఎత్తి రాసుకుని, మిగతావన్నీ ఇలాగే అని రాసేశాను."

"ఏదీ, ఇటివ్వు."

ఆమె సంచిలోంచి ఆ జెరాక్సు కట్ట తీసి ఇచ్చింది. ఆయన దాన్ని ఒకసారి తడిమి, మళ్లీ ఆమె ఒళ్లోనే పెట్టారు.

"నాకు చూపు ఆనదు. చదివి పెట్టమ్మా."

"ఎక్కణ్ణించి?"

"మొదటి నుంచి."

హైమవతికి ఒళ్లు మండింది. అయినా మాస్టారి మాట కాదనలేక మొదలుపెట్టింది.

"గాలి తీసి ఉంచితే మడతల కాడ రబ్బరు అంటుకుపోవునట. వారు తిరిగి వచ్చువరకు దినము గాలి కొట్టమన్నారు." కింద తేదీ. "ఉదయం గాలి కొట్టినాను. సాయంత్రానికి దిగిపోయినది." మళ్లీ తేదీ. "ఉదయం గాలి కొట్టినాను. సాయంత్రానికి దిగిపోయినది."

పది పేజీలు చదివింది. ఇరవై చదివింది. వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. మానెయ్యమని అతనికి చెప్పినవాళ్లూ లేరు.

"ఇదంతా ఇలాగే ఉంది మాస్టారూ."

"కానియ్."

పుస్తకంలో ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. తేదీలు మారాయి, మాట మారలేదు. చదువుతూ చదువుతూ హైమవతి గొంతులో విసుగు ఎక్కడో జారిపోయింది. కట్ట పలచబడేకొద్దీ ఆమెకు ఎందుకో భయం వేసింది. నెమ్మదిగా చదవడం మొదలుపెట్టింది.

"ఉదయం గాలి కొట్టినాను."

ఆగింది. పేజీ తిప్పింది. ఖాళీ. ఆ తర్వాతదీ ఖాళీ.

"సాయంత్రం మాట లేదు మాస్టారూ," అంది.

మాస్టారు అడిగారు.

"ఆయన పేరేమిటమ్మా?"

హైమవతికి తెలియదు. నలుగురు ఇంజనీర్ల ఇంటిపేర్లు తెలుసు, గుడ్డ నేసిన మిల్లు పేరు తెలుసు, రబ్బరు తెచ్చిన ఓడ పేరు కూడా తెలుసు. సిగ్గుతో తల దించుకుని కట్ట మొదటికి తిప్పింది. అట్ట మీద వంకర అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంది.

"వాసుపల్లి ఎర్రయ్య."

"గట్టిగా చదువు."

"వాసుపల్లి ఎర్రయ్య."

మాస్టారు మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెల్లగా కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

హైమవతి కూడా లేచి నిలబడింది.