తిప్పి వేసిన కుర్చీ

ఆటకు ముందు ఎల్రాయ్ టిబ్స్ వేళ్లకు పట్టీ చుట్టే పనిని కోచ్ బెనెడెక్ మరొకరికి వదిలేవాడు కాదు. జట్టులో అందుకు వేరే మనుషులు ఉండేవారు. అయినా ముసలాయన తెల్లని పట్టీని పళ్లతో తెంచి, ఒక్కొక్క వేలికీ తానే చుట్టి, "బిగువుగా ఉందా?" అని అడిగేవాడు. "సరిపోయింది, కోచ్" అనేవాడు ఎల్రాయ్. ఆ అలవాటు పోయి చాలా కాలమైంది. వంకర తిరిగిన ఆ వేళ్లు మాత్రం ఇప్పటికీ ఆదివారం వస్తే సలుపుతాయి.

ఒహాయోలో, ఉక్కు కర్మాగారాల పట్టణంలో ఉండేది ఆ జట్టు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరేవాడు ఒకడు; ఆ జట్టులో అతను లోవెల్. అతని ముందు అయిదుగురు భారీ మనుషులు గోడ కట్టినట్లు నిలబడతారు. ఎదుటి జట్టువాళ్లు వచ్చి అతని మీద పడకుండా కాచుకోవడమే వాళ్ల పని. బంతి వాళ్ల చేతికి రాదు. వాళ్ల పేర్లు మైకులో వినిపించేది తప్పు చేసినప్పుడే.

ఎల్రాయ్ ఆ అయిదుగురిలో ఒకడు. లూయిజియానా నుంచి వచ్చినవాడు. చేరిన రెండో ఏట, ఒకనాడు పట్టీ చుట్టించుకుంటూ మనసులో మాట బయటపెట్టాడు.

"కోచ్, నిన్న మా అమ్మ ఫోన్ చేసింది. 'లోవెల్ విసిరిన బంతి ఎంత అందంగా పోయిందిరా' అంటుంది. నేను కాపలా కాస్తే పోయిన బంతి అది. నేను మాత్రం ఒక్కటీ చూడలేదు. నాకు తెలిసిందల్లా ఎదుటివాడి చంక కంపు."

"సబ్బు వాడేవాణ్ని చూసుకొని నిలబడు" అన్నాడు బెనెడెక్, పట్టీ తెంచుతూ.

ఎల్రాయ్ నవ్వాడు గాని, కోరిక చావలేదు.

ఆ ఆదివారమే తప్పు జరిగింది. ఆటలో ఒక ఘట్టంలో జనం ఒక్కసారిగా హోరెత్తారు. బంతి వెళ్లిపోయిందనుకొని ఎల్రాయ్ తల పైకెత్తి ఆకాశంలోకి చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు. లోవెల్ విసిరినట్లు చేయి ఆడించాడే గాని విసరలేదు. ఎదుటివాళ్లను మోసగించడానికి పన్నిన ఎత్తుకు సొంత కావలివాడే మోసపోయాడు. ఆ రెప్పపాటులో అతని చేతుల కింద నుంచి జారిపోయిన మనిషి వెళ్లి లోవెల్‌ను నేలకు కొట్టాడు. తన వెనుక వినిపించిన ఆ చప్పుడును ఎల్రాయ్ ఎన్నటికీ మరువలేకపోయాడు.

లోవెల్ పక్కటెముకలు కమిలాయి. ఆ వారమంతా బెనెడెక్ ఆ తప్పు ఊసెత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఎల్రాయ్‌కు అనిపించింది.

మరుసటి ఆదివారం, పెట్టె సర్దుకొని పొమ్మంటారనుకుంటూనే వచ్చాడు. బెనెడెక్ ఎప్పటిలాగే వేళ్లకు పట్టీ చుట్టాడు. తరువాత అతన్ని మైదానం అంచుకు తీసుకువెళ్లి, ఒక మడత కుర్చీ తెరిచి వేశాడు. దాని వీపు ఆటవైపు, ముఖం జనంవైపు.

"కూర్చో."

"కోచ్, ఆట అటువైపు కదా?"

"నీకు బంతి పోవడం చూడాలని ఉందిగా. చూడు."

ఎల్రాయ్ చెవులు కాలిపోయాయి. బెంచీ మీది నుంచి మర్ఫీ అనే సహచరుడు ఊరుకోలేదు. "ఏమోయ్ ఎల్రాయ్, జనంలో ఎవరు గెలుస్తున్నారు?" అందరూ నవ్వారు.

ఆట మొదలైంది. తల దించుకొని కూర్చున్నవాడు, హోరు వినిపించగానే ఉండబట్టలేక తల ఎత్తాడు. వేల ముఖాలు ఒక్కసారిగా పైకి లేచాయి, మెల్లగా ఎడమ నుంచి కుడికి తిరిగాయి, కిందికి దిగాయి. బంతి పోయిన దారి ఆ ముఖాల మీద గీత గీసినట్లు కనిపించింది. ఇంత అందమా, అనుకున్నాడు ఎల్రాయ్.

రెండోసారి, మూడోసారి అలాగే చూశాడు. అప్పుడు గాని ముందు వరుసలోని ఒక ముఖం అతని కంట పడలేదు.

అన్ని తలలూ లేచినా ఆ తల లేవలేదు. అన్ని తలలూ తిరిగినా అది తిరగలేదు. ఆమె కళ్లు బంతి బయలుదేరిన చోటే, నేలకు దగ్గరగా, నిలిచిపోయి ఉన్నాయి. పక్కవాళ్లు చప్పట్లు కొడుతున్నప్పుడు ఆమె ఊపిరి వదిలింది. మళ్లీ ఆట మొదలుకాగానే బిగబట్టింది.

ఆమె లోవెల్ భార్య నోరా.

ఆ తరువాత ఎల్రాయ్ మరొక ముఖం చూడలేదు.

విరామం వేళ బెనెడెక్ వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"చూశావా?"

"చూశాను, కోచ్. అందరూ బంతినే చూస్తున్నారు."

"అందరూనా?"

ఎల్రాయ్ మళ్లీ ముందు వరుసవైపు చూశాడు. "ఒకరు తప్ప" అన్నాడు.

బెనెడెక్ అతని హెల్మెట్ అందించి, కుర్చీ మడిచి చంకన పెట్టుకున్నాడు.

ఎల్రాయ్ ఆ తరువాత ఎన్నో ఏళ్లు ఆడాడు. ఎన్ని హోరులు విన్నా తల పైకెత్తలేదు. లోవెల్ ఆట చాలించిన రోజున తన కాళ్ల మీద తాను నడిచి మైదానం దాటాడు. పత్రికలు అతను విసిరిన బంతుల గురించి రాశాయి. నోరా మాత్రం ఎల్రాయ్ దగ్గరికి వచ్చి, వంకర పోయిన ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకొని, మెల్లగా నొక్కి వెళ్లిపోయింది.

బెనెడెక్ చివరి శీతకాలంలో ఎల్రాయ్ ఆదివారాలు ఆయన ఇంటికి వెళ్లేవాడు. గదిలో టీవీ మోగుతూ ఉండేది. కుర్చీలు రెండూ దానికి వీపు పెట్టి ఉండేవి. ఎవరు అలా తిప్పారని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం సూప్ తాగబోతే ముసలాయన వేళ్లలో చెంచా నిలవలేదు. ఎల్రాయ్ తన కోటు జేబులో నుంచి తెల్లని పట్టీ తీశాడు. పళ్లతో తెంచి, చెంచా కాడ లావెక్కేదాకా చుట్టి, ఆయన చేతిలో పెట్టాడు.

"బిగువుగా ఉందా, కోచ్?"

"సరిపోయింది."

వెనుక టీవీలో జనం హోరెత్తారు.

"విసిరినవాడు నిలబడే ఉన్నాడా?" అన్నాడు బెనెడెక్.

"నిలబడే ఉన్నాడు" అన్నాడు ఎల్రాయ్, వెనక్కి తిరగకుండానే.

ముసలాయన తల ఊపాడు. ఇద్దరూ సూప్ తాగారు.